వరహాలు మావ నలభయ్యో అంతస్తు

మే 6, మంగళవారం. ఎండ బాగుంది. ఎనిమిదికే కరెంటు వచ్చింది.

వరహాలు మావ చేతిలో పట్టుకుని ఆడే ఆటపెట్టె అద్దం మళ్ళీ ఊడింది. ఈ ఏడాదిలో ఇది నాలుగోసారి. ఉప్పుగాలి ఏ గమ్మునీ బతకనివ్వదు. దానికి తోడు ఆయన ఓడిపోయినప్పుడల్లా పెట్టెను తొడకేసి కొడతాడు. ముందు ఆ కొట్టడం మానుకోమని చెప్పాను. వినలేదు.

పని ఎప్పటి పనే. అంచుల చుట్టూ వేడిగాలి పట్టించి, పలచటి ప్లాస్టిక్ రేకు దూర్చి అద్దం లేపాను. పాత గమ్ము స్పిరిటుతో తుడిచాను. తర్వాత సముద్రపు నీళ్ళు ఒక కుండెడు స్నానాలగదిలో మరిగించి, ఆవిరి నిండాక తలుపు వేసుకుని లోపల కూర్చున్నాను. ఆవిరికి గాల్లో దుమ్మంతా కిందికి దిగిపోతుంది. దుమ్ము దిగాకే రెండువైపులా అంటుకునే టేపు సన్నగా కోసి, నాలుగు అంచులకూ వేసి, ఒక మూల నుంచి అద్దం నొక్కుకుంటూ వచ్చాను. పైన గుడ్డ పరిచి, పొత్రం పెట్టాను. మా అత్తగారి రుబ్బురోలు సముద్రం ఊరిని ముంచిన మునకలో పోయింది కానీ పొత్రం మిగిలింది. ముప్పై ఎనిమిదేళ్లుగా దానికి ఇదే ఉద్యోగం.

"ఒలే రత్నాలూ, అతికీసినావేటి?" అంటూ మావ వచ్చేశాడు.

"అతికీసినాను. రేపటిదాకా ముట్టుకోకు. పొత్రం కిందున్నాది."

"రేపటిదాకా నానేటి సెయ్యాల?"

"సేపలెండబెట్టు."

మైలపల్లి వరహాలుకి డెబ్బై నాలుగేళ్లు. నాకు చుట్టం కాదు, మా ఏడో దిమ్మ మీద పక్కింటివాడు. మునిగిన ఊరి మేడల కప్పులు కలిపి ఈ దిమ్మలు కట్టినప్పటి నుంచీ ఎరుగుదును. వయసులో పీతల వల వేసినవాడు. ఆయన ఆడే ఆటలోనూ పీతే. పైనుంచి రాళ్ళు దొర్లుతుంటే అది నలభై అంతస్తులు ఎక్కాలి. ముప్పై తొమ్మిదీ ఎక్కేశాడు. నలభయ్యో దాని దగ్గర పదకొండేళ్లుగా చస్తున్నాడు. పట్టి కూర తిన్న పీతలన్నీ కక్ష కట్టాయని నేనంటాను. ఆయనకు కోపమొస్తుంది.

మే 9, శుక్రవారం. మంచినీళ్ళ పడవ రాలేదు, శాఖ పడవ వచ్చింది.

శాఖ అంటే నిరాశ నివారణ శాఖ. దిగినవాడి పేరు హేమచందర్, ఊరట అధికారి. ముప్పై ఏళ్లుంటాయి. ముఖం మీద నవ్వు ఎవరో టేపేసి అతికించినట్టు ఉంటుంది.

"అమ్మా, తొమ్మిదేళ్లుగా ఈ తీరంలో ఎవరూ ఏ ఆటలోనూ ఓడిపోలేదు. మీరు బాగుచేసే పాత పెట్టెల మీద తప్ప," అన్నాడు. "ఓటమి మనసుకి గాయమండి."

"గాయమైతే నాకాడికొచ్చి పెట్టె బాగోలేదని తిట్టిపోతారు బాబూ. మర్నాడు మళ్ళా ఆడతారు."

అతను నవ్వుతూనే ఒక డబ్బా బల్ల మీద పెట్టాడు. నిండా సాయపు అద్దాలు. పాత అద్దం తీసేసి ఆ చోట దీన్ని అతికించాలట. ఇది ఆడేవాడి కళ్ళు చూస్తుంది. ఓడిపోయేలా ఉన్నాడని తెలియగానే, తన వీపున ఉన్న నాలుగు బంగారు చుక్కల గుండా పెట్టెలో వేలుపెట్టి రాళ్ళను నెమ్మది చేస్తుంది. మే ముప్పై ఒకటి దాటాక సాయపు అద్దం లేని పెట్టెలన్నీ పట్టుకుపోయి పిండి చేస్తారు. దాన్ని తీసేసినట్టు తేలితే నా లైసెన్సు పోతుంది, గదికి తాళం పడుతుంది.

పన్నెండో తారీకున రెండో దిమ్మ మీద అద్దం అతికించడంలో శిక్షణ, తప్పక రమ్మన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అద్దం అతికించడం నాకు నేర్పుతారట! వెళ్ళను. డబ్బాలో ఉన్న సూచనల కాగితం కూడా చదవను. ఎండుచేపలు చుట్టడానికి పనికొస్తుంది.

మే 15, గురువారం. గాలి లేదు.

మా దిమ్మ మీదే ఉండే దానమ్మ ఆటలాడే కొత్త తెర కొనుక్కుంది. సాయపు అద్దం ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చినది. మావకు చూపిద్దామని మా గది ముందుకు తెచ్చి, ఆట మొదలుపెట్టి, అంతలో చేపల బుట్ట వస్తే తెరను గుమ్మం ముందు బల్ల మీద పడేసి లేచిపోయింది. ఆమె బుట్టలోని కవళ్ళ చేపలు శుభ్రం చేస్తూనే ఉంది, తెర తన పాటికి తను ఆడుకుని గెలిచి, పూలవాన కురిపించి, "మీరు అద్భుతం" అని మెచ్చుకుంది.

మావ ఆ పూలవాన అయ్యేదాకా చూశాడు.

"ఇదేటే దానమ్మా, ఎవుడూ ఆడకండానే గెలిసీసింది?"

"గెలిత్తే మంచిదే కదా మావా."

"నీకు మంచిదే."

తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నలభయ్యోది నానే ఎక్కాలే రత్నాలూ. అద్దం ఎక్కిత్తే నాకొద్దు. ఇంకెన్ని రోజులున్నాది?"

"పదహారు."

గుమ్మం పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. అన్నానికి కూడా లేవలేదు. గిన్నె తెచ్చి పక్కన పెడితే, కళ్ళు తెర మీద నుంచి తీయకుండా ఎడమచేత్తో తిన్నాడు. ఆ ముద్ద తీసే లోపే ఒకసారి చచ్చాడు.

మే 24, శనివారం.

ఎక్కలేదు. తొమ్మిది రోజులు ఆడీ ఆడీ వేళ్ళు వాచిపోయాయి. ఈ పొద్దున పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"పెట్టీ ఆ దిక్కుమాలిన అద్దం. పిండి సేసీడం కంటే అదే నయం. నానింక ముట్టుకోను."

నా దగ్గర మొత్తం ఇరవై మూడు పెట్టెలున్నాయి. అన్నీ ఎవరెవరివో. వాళ్ళు నాకు నమ్మి ఇచ్చినవి. అన్నిటికీ సాయపు అద్దాలు అతికించడం మొదలుపెట్టాను. ఆవిరి పట్టీ పట్టీ నేనే ఉడికిపోయాను. ఒక్కో పాత అద్దాన్నీ తీసి, గుడ్డలో చుట్టి, పేరు రాసి దాస్తున్నాను. నా చేతులతో నేనే ఈ పని చేస్తున్నందుకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అద్దం మీద చుక్క పడుతుందని ఆపుకున్నాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, సరుకు బాగుంది. ఒక్కో అద్దం వీపున అంచులు వదిలి కనీకనిపించని పొర, దుమ్ము అంటకుండా. మునక తర్వాత కొత్త వస్తువు నా చేతికి రావడమే అపురూపం. ఇక్కడ కొత్తదాని మీద పొర ఎవరూ పీకరు. మా బీరువాకి పెళ్ళినాటి పొర ఇంకా ఉంది, మూలల్లో పసుపుపచ్చగా చుట్టుకుపోయి. హేమచందర్ రాసుకునే పలక తెర మీద కూడా ఉంది. ఆ పొర అలాగే ఉంచి, అంచులకు టేపేసి అతికించాను. అతికించినవి అతికించినట్టే ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తున్నాను.

మే 29, గురువారం. మబ్బు.

గెలిచాడు!

అయిదు రోజులు పెట్టె వైపే చూడలేదు. ఈ రోజు తాటాకు కోసుకుంటూ, "ఓసారి ఎలగుంటాదో సూత్తాను" అని నా బల్ల మీది పెట్టె తీశాడు. అంతే. ఒక్కసారే ఆడాడు. పీత నలభయ్యో అంతస్తు ఎక్కేసింది. పైన ఒక చిన్న జెండా ఉంది. పదకొండేళ్లుగా అక్కడ ఏముందో మాకెవరికీ తెలియదు. జెండా అట!

మావ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తర్వాత లేచి దిమ్మంతా తిరిగి ప్రతి గుమ్మంలోనూ జెండా చూపించాడు. దానమ్మ కవళ్ళ పులుసు వండింది. మధ్యాహ్నం దిమ్మంతా కలిసి తిన్నాం. తింటుండగా ఒకసారి ఆయన చెయ్యి ఆగింది.

"నానెక్కింది వొట్టిది కాదు కదే?" అన్నాడు నాతో.

నాకు తెలియదు. అన్నం తినమన్నాను.

మే 30, శుక్రవారం.

హేమచందర్ దండతో దిగాడు. సాయపు అద్దం గెలుపునూ సాయం లెక్కనూ శాఖకు చెబుతుందట, పెట్టె ఎవరిదో మాత్రం చెప్పదు. అది ఈ దిమ్మ మీద ఎవరినడిగినా చెబుతారు. అందరి ముందూ చీటీ తీసి, ఎంతో ప్రేమగా చదివాడు.

"మైలపల్లి వరహాలు గారు, నలభయ్యో అంతస్తు. అందిన సాయం, ముప్పై ఏడు సార్లు. అభినందనలు తాతగారూ! పదకొండేళ్ల నిరాశ నుంచి మా శాఖ మిమ్మల్ని విడిపించింది. ఏడో తారీకున సన్మానం."

ముప్పై ఏడు సార్లు. మావ దండ వేయించుకున్నాడు, నమస్కారం పెట్టాడు, మర్యాద తప్పలేదు. అధికారి వెళ్ళాక పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"నీకాడే ఉంచీ. అగ్గిలో పడీసినా అడగను."

నిన్న ఆయన జెండా చూపించిన గుమ్మాలన్నిటి ముందు నుంచీ ఈ రోజు తల వంచుకుని వెళ్ళాడు. ఆ చీటీ చదివినవాణ్ణి నీళ్ళలోకి తోసేయాలనిపించింది. వాడికి ఈతొచ్చో రాదో అని ఆగాను.

జూన్ 1, ఆదివారం.

గడువు దాటింది. అయినా ఆయన అద్దం ఆయనకు పెట్టేద్దామని కూర్చున్నాను. పోతే పోతుంది లైసెన్సు. వేడి పట్టించి, రేకు దూర్చి, సాయపు అద్దం లేపాను. వెనక్కి తిప్పితే పొర మెరిసింది.

నాలుగు బంగారు చుక్కల మీదా పొర అతుక్కునే ఉంది. నేను పీకలేదు కదా! శిక్షణలో అదే చెప్పి ఉంటారు. ఆ చుక్కలు పెట్టెకు తగలనే లేదు. అద్దం మావ కళ్ళు చూసింది, ముప్పై ఏడు సార్లు వేలు పెట్టబోయింది, పెట్టాననుకుంది, పెట్టానని శాఖకు చెప్పేసింది. లోపలికి ఒక్క వేలూ వెళ్ళలేదు.

అయితే ఎక్కింది ఎవరు? వరహాలు మావే! పెద్దగా నవ్వాను. దానమ్మ వచ్చి ఏమైందని అడిగితే, ఏమీ లేదన్నాను.

పొర కదలకుండా అద్దం ఎలా ఉన్నదో అలాగే అతికించి, పొత్రం పెట్టి, పరుగెత్తాను. మావ దిమ్మ ఆ చివర చిరిగిన వల కుడుతున్నాడు. అంతా చెప్పాను. సూది ఆపకుండా విన్నాడు.

"నన్ను ఊరడిత్తన్నావు."

"నేదు మావా, నా కళ్ళతో సూసినాను. పొరున్నాది."

"నువ్వు కూడా శాఖలో సేరిపోయినావేటే?"

ఆ మాటకు చెంప మీద కొట్టినట్టయింది. వచ్చి ఒక్కసారి ఆడి చూడు, తెలిసిపోతుంది అన్నాను. ఆడనన్నాడు. పెట్టెనే తెచ్చి ఆయన ఒళ్ళో పెడదామని తిరిగి వచ్చేసరికి పొత్రం పక్కకు దొర్లి ఉంది. సన్మానం రోజు వేదిక మీద పెట్టడానికి శాఖ మనిషి వచ్చి అడిగితే, దానమ్మ తీసి ఇచ్చేసిందట. ఆమెను ఏమని తిట్టను? పెట్టె మాత్రం మా చేతుల్లో లేదు.

జూన్ 4, బుధవారం. వాన పడి ఆగింది.

మూడు రోజులుగా మావ సరిగ్గా తినడం లేదు. సన్మానానికి రానంటున్నాడు. పొద్దున గంజి పట్టుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"మావా, దానమ్మ తెర ఓడిపోడం ఎప్పుడైనా సూసినావేటి?"

"అదెలగ ఓడిపోద్ది? వొగ్గేసి ఎల్లిపోయినా గెలిసీసింది."

"మరంతే. సాయపు అద్దం పనిసేత్తే ఎవుడూ ఓడిపోనేడు. కావాలనుకున్నా ఓడిపోనేడు. నువ్వు సన్మానానికెల్లు. ఆడి సూపిత్తానని పెట్టె అడుగు. ఆడు. ఓడిపోయినావనుకో..."

గంజి గిన్నె కింద పెట్టాడు.

"ఓడిపోతే అద్దం పనిసెయ్యట్లేదు."

"అద్దం పనిసెయ్యకపోతే ఆరోజు ఎక్కింది ఎవుడు?"

మావ నా వైపు తిరిగాడు. "అందరి ముందూ ఓడిపోతే ఆ అద్దం అతికినదానివి నువ్వే కదే. నిన్ను ఒగ్గుతారేటి?"

"ఒగ్గరు. గదికి తాళమేత్తారు."

"మరి?"

"యేసుకోనీ."

అన్నానే గానీ, భయంగానే ఉంది. ఇంటికి వచ్చి ఈ గది నాలుగు గోడలూ చూశాను. నాకు ఇది తప్ప వేరే పని రాదు. అయినా ఆ మనిషి పదకొండేళ్లు పడి సంపాదించుకున్నది ఒక చీటీ ముక్క ఎత్తుకుపోతుంటే తలుపు వేసుకుని కూర్చోలేను. అది దొంగతనం. దొంగ దండ వేసినా దొంగే.

వెళ్ళేటప్పుడు మావ వెనక నుంచి పిలిచాడు. "ఒలే, కావాలని మాత్రం ఓడిపోను. సరిగ్గానే ఆడతాను."

సరిగ్గానే ఆడమన్నాను.

జూన్ 7, శనివారం. ఎండ మండిపోతోంది.

రెండో దిమ్మ మీద షామియానా. మైకు. ముందు వరసలో శాఖవాళ్ళు, వెనక ఏడు దిమ్మల జనం. వేదిక మధ్య గాజు పెట్టెలో, ఎర్రగుడ్డ మీద మావ ఆటపెట్టె. ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ నిరాశ ఎంత ప్రమాదమో చెప్పారు. వింటుంటే నాకే నిరాశ కలిగింది. మావకు శాలువా కప్పారు. ఆ ఎండలో ఉన్ని శాలువా!

"తాతగారూ, రెండు మాటలు," అని హేమచందర్ మైకు ఇచ్చాడు.

"మాటలెందుకు బాబూ. ఆడి సూపిత్తాను. నా పెట్టె ఇయ్యండి."

జనం చప్పట్లు కొట్టారు. హేమచందర్ మురిసిపోయాడు. స్వయంగా గాజు మూత తెరిచి పెట్టె ఇచ్చాడు, వెనక ఉన్న పెద్ద తెర మీద ఆట అందరికీ కనిపించే ఏర్పాటు చేయించాడు. అప్పటికైనా లేచి ఆపవచ్చు. ఆపలేదు.

జెండా దాకా వెళ్ళాక ఆట మళ్ళీ మొదటి అంతస్తు నుంచి మొదలవుతుంది. మొదటి అంతస్తులో రాళ్ళు రెండే. నడక రాని పిల్లలు కూడా దాటేస్తారు. మావ శాలువా భుజం మీదికి నెట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, నిజంగా సరిగ్గానే ఆడాడు. మొదటి రాయి వచ్చింది, పీత ఎగిరింది. రెండో రాయి వచ్చింది. శాలువా జారింది. దాన్ని మోచేత్తో ఆపబోయాడు.

పీత చచ్చింది.

తెరంతా నల్లబడింది. మధ్యలో తెల్ల అక్షరాలు వచ్చాయి, ఆట ముగిసిందని. సాయపు అద్దం ఉన్న పెట్టె మీద తొమ్మిదేళ్లుగా ఎవరూ చూడని తెర అది. హేమచందర్ ముఖం మీద టేపు ఊడిపోయింది.

వరహాలు మావ ఆ నల్లటి తెర వైపు తిరిగి ఒక్క క్షణం చూశాడు. శాలువా కింద పడేశాడు. రెండు చేతులూ పైకెత్తి, మైకు అక్కర్లేని గొంతుతో అరిచాడు.

"ఓడిపోయినాన్రా! సూసినారా? మొదటి అంతస్తులోనే ఓడిపోయినాను! అంటే ఆరోజు నానే గెలిసినాను! నానే గెలిసినాను!"

ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. నేనూ అంతే. వేదిక మీదికి ఎక్కి, ఆయన పక్కన నిలబడి, అద్దం అతికించింది నేనేనని, వెనక పొర ఉండిపోయిందని, మొదట పొరపాటున ఉంచాననీ తర్వాత తెలిసే ఉంచాననీ మైకులో చెప్పాను. చెప్పాక ప్రాణం హాయిగా ఉంది.

జూన్ 10, మంగళవారం.

గదికి తాళం పడింది. పొత్రం, వేడిగాలి మిషను, ఈ పుస్తకం దానమ్మ ఇంట్లో ఉన్నాయి. మావ పెట్టె శాఖ పట్టుకుపోయింది. అడిగితే, "పోనీయే, జెండా సూసీసినాను" అన్నాడు. ఆ మాట అన్నాడే కానీ వేళ్ళు ఊరికే ఆడుతున్నాయి.

ఈ ఉదయం నోటీసు ఇచ్చారు. అలాంటి అద్దాలు ఇంకా ఇరవై రెండు అతికించానని వాళ్ళకు డబ్బా లెక్కలో తేలింది. అవి ఎవరివో పేర్లు రాసిస్తే లైసెన్సు తిరిగి ఇస్తారట. ఆ పెట్టెలు తెప్పించి, పొరలు పీకి, అద్దాలు సరిచేస్తారట.

ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదు. ఆ ఇరవై రెండు మందీ రెండు వారాలుగా ఆడుతున్నారు కదా! సాయం లేకుండా ఆడుతున్నారు కదా! అంటే రోజూ ఓడిపోతున్నారు. ఒక్కరు కూడా వచ్చి అద్దం పనిచేయడం లేదని నాతో అనలేదు. ఎవరికి వారు తమది ఒక్కటే పాడైందనుకుని, చెబితే ఎక్కడ బాగుచేస్తానోనని నోరు మూసుకుని, దొంగచాటుగా హాయిగా ఓడిపోతున్నారు. నిన్న నీళ్ళ పడవ దగ్గర ఒకామె నన్ను చూసి కళ్ళు దించుకుని నవ్వింది. ఇంకొకాయన తొడ తడుముకుంటున్నాడు.

నోటీసు కింద జవాబు రాయడానికి నాలుగు గీతలున్నాయి. గట్టిగా నొక్కి ఇలా రాశాను:

గరికిన నూకరత్నం అనే నేను పేర్లు చెప్పను. మీకు కావాలంటే ఒకటే దారి. ఏడు దిమ్మల మీదా ఉన్న ప్రతి మనిషినీ కూర్చోబెట్టి ఆడించండి. ఎవరు ఓడిపోతారో చూసుకోండి.